మా కుక్క 52వ రోజున ఈసుకుపోయింది (చూలు పోయింది), పరీక్షలో నెగటివ్ అన్నారు. నమ్మొచ్చా?

శనక్కాయ చేను (తాడిపత్రి దగ్గర), జనవరి 30

అందరికీ నమస్కారం. మా బంగారి లాబ్రడార్. మూడున్నరేళ్లు, ఇదే తొలి చూలు. డిసెంబర్ 2న, మళ్లీ 4న అనంతపురంలో ఒక మగ కుక్కతో క్రాసింగ్ చేయించాం. నెల దాటాక స్కానింగ్‌లో ఆరు పిల్లలున్నాయన్నారు. ఇంట్లో అందరం పేర్లు కూడా అనుకున్నాం.

జనవరి 23 తెల్లవారుజామున, అంటే 52వ రోజు, వసారాలో గోనెపట్టా మీద నాలుగు చచ్చిన పిల్లలు పడి ఉన్నాయి. పొద్దెక్కాక ఇంకో రెండు పడ్డాయి. వాటిలో రెండు లోపలే ఎప్పుడో చనిపోయినట్టున్నాయి, చర్మం ముట్టుకుంటే ఊడి వస్తోంది. బంగారి ఒక్కోదాన్నీ నాకుతూ, మూతితో తోసి లేపాలని చూస్తా ఉండింది. దాన్ని అక్కడి నుంచి తీసుకురావడానికి గంట పట్టింది. పిల్లల్ని పెరట్లో వేపచెట్టు కింద లోతుగా పూడ్చాం.

దానికి జ్వరం లేదు, తిండి మానలేదు. కానీ ఆ రోజు నుంచి ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిన మైల పడుతూనే ఉంది. దవడ కింద గోలీల్లాంటి గడ్డలు చేతికి తగులుతున్నాయి. మెడికల్ షాపులో అడిగితే ఏదో యాంటీబయాటిక్ ఇచ్చారు, మూడు రోజులు వేశాను.

27న పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఈసుడు రోగమేమో చూద్దామని రక్తం తీశారు. తెల్లటి పలక మీద రక్తపు తేట ఒక చుక్క, గులాబీ రంగు మందు ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు అటూ ఇటూ ఊపారు. చుక్క అలాగే నున్నగా ఉండిపోయింది, విరిగిన పాలలా రవ్వ కట్టలేదు. "నెగటివ్, భయం లేదు" అన్నారు.

నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మా చెల్లెలికి ఏడో నెల, కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఆ పొద్దు నేను పిల్లల్ని పూడుస్తుంటే వసారా తుడిచింది తనే, చేతులకు ఏమీ వేసుకోకుండా. ఆ నెగటివ్‌ను నమ్మొచ్చా? మళ్లీ పరీక్ష చేయించాలంటే ఏది, ఎక్కడ?

ఇంకో సంగతి, పనికొస్తుందో లేదో. నవంబర్‌లో శనక్కాయ పీకినాక చేలో నాలుగు రాత్రులు గొర్రెల మంద కట్టించాం. బంగారి ఆ నాలుగు రోజులూ మంద చుట్టూనే తిరిగింది.


రిటైర్డ్ పశువైద్యుడు (ప్రొద్దుటూరు), జనవరి 30

అమ్మా, ముందు చెల్లెలి సంగతి చూడు. కుక్క సంగతి తర్వాత.

ఈ రోజు నుంచి ఆమె బంగారి దగ్గరికి పోకూడదు. వీలైతే కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచండి. కాన్పు డాక్టర్‌కు జరిగినదంతా చెప్పండి, ముఖ్యంగా ఒట్టి చేతులతో మైల తుడిచిన సంగతి. జ్వరం వచ్చి పోవడం, రాత్రుళ్లు చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు కనిపిస్తే అదే రోజు చూపించాలి. గర్భిణులకు ఈ ఈసుడు రోగపు క్రిమి, బ్రూసెల్లా, సోకితే గర్భం పోయే ప్రమాదం ఉంది. మీ అంతట మీరు మాత్రలు వేయొద్దు. ఈ జబ్బుకు మామూలుగా వాడే డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇచ్చేది కాదు. కుక్కల బ్రూసెల్లా మనుషులకు సోకడం అరుదు, గొర్రెలు మేకల నుంచి వచ్చేదానంత ఉధృతంగా కూడా ఉండదు. ఆ ధైర్యం ఉంచుకోండి, జాగ్రత్త మాత్రం వదలొద్దు.

ఇక నీ ప్రశ్న. ఆ నెగటివ్‌ను నమ్మొద్దు. డాక్టర్ తప్పు చేశాడని కాదు, ఆ మందు తయారైనదే వేరే క్రిమి కోసం.

నీకు చేసింది రోజ్ బెంగాల్ పరీక్ష. ఆ గులాబీ మందులో ఉండేది చంపి రంగు వేసిన ఆవుల క్రిమి, బ్రూసెల్లా అబార్టస్. ఆ క్రిమి ఒంటి మీద పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయి. క్రిమిని ఎదిరించడానికి పశువు రక్తంలో తయారయ్యే యాంటీబాడీలు ఆ గొలుసుల్ని పట్టుకుంటాయి, అప్పుడే చుక్క రవ్వ కడుతుంది. కుక్కలకు వచ్చే బ్రూసెల్లా కానిస్ మీద ఆ గొలుసులు ఉండవు. కుక్క ఒంటి నిండా కానిస్ ఉన్నా దాని యాంటీబాడీలకు ఈ మందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చుక్క నున్నగానే ఉండిపోతుంది.

1966లో అమెరికాలో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలండ్ కార్మైకేల్ అనే శాస్త్రవేత్త ఈ క్రిమిని గుర్తించాడు. పెంపక కేంద్రాల్లో బీగిల్ కుక్కలు వరసగా ఈసుకుపోతుంటే, ఆ పిల్లల నుంచి బయటపడింది. మా చదువు రోజుల్లో దీని గురించి పుస్తకంలో ఒక పేరా ఉండేది, అంతే. సర్వీసంతా ఆవులు, బర్రెలు చూసిన మాలాంటి వాళ్లకు ఈసుడు అనగానే చేయి గులాబీ సీసా మీదికే పోతుంది.

నువ్వు చెప్పిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి. 45వ రోజు నుంచి 59వ రోజు లోపల పడిపోవడం, జ్వరం లేకపోవడం, పిల్లలు లోపలే కుళ్లడం మొదలవడం, మైల వారాల తరబడి పడడం, గడ్డలు. అయినా ఇవే లక్షణాలు హెర్పిస్ వైరస్‌తోనూ, ఈ కోలి లాంటి మామూలు క్రిములతోనూ రావచ్చు. కాబట్టి చూసి చెప్పేది కాదు, పరీక్షే.

కుక్కలకు వేరే స్లైడ్ పరీక్ష ఉంది. దాని మందు గొలుసులు లేని క్రిమితో చేస్తారు, ఫలితం రెండు నిమిషాల్లో తేలుతుంది. అది నెగటివ్ అంటే చాలావరకు నమ్మొచ్చు, సోకి తగినన్ని రోజులైతే. పాజిటివ్ అంటే మాత్రం వెంటనే నమ్మకూడదు. సూడోమోనాస్, బోర్డెటెల్లా లాంటి వేరే క్రిములు సోకిన కుక్కల రక్తం కూడా అందులో రవ్వ కడుతుంది. అందుకే పాజిటివ్ వచ్చినప్పుడు రక్తపు తేటలో మెర్కాప్టోఎథనాల్ అనే రసాయనం కలిపి మళ్లీ చేస్తారు. అది తొందరపడి అంటుకునే రకం యాంటీబాడీలను విడగొట్టేస్తుంది. అప్పుడూ రవ్వ కడితే అనుమానం గట్టిపడుతుంది. ఆపైన జెల్ పరీక్ష, క్రిమి జన్యువును వెతికే పీసీఆర్, అన్నిటికన్నా గట్టిది రక్తంలోంచి క్రిమిని పెంచి చూడడం (కల్చర్). కల్చర్‌కు రక్తం 24 గంటల తేడాతో మూడు సార్లు తీస్తే మంచిది. వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

మూడు రోజుల మాత్రలు వేశావు కదా, కల్చర్‌లో క్రిమి పెరగకుండా అది అడ్డుపడవచ్చు. ఇంక ఒక్క మాత్ర కూడా వేయకు. వారం ఆగి రక్తం ఇవ్వు. ఆ పిల్లల్ని పూడ్చకుండా ఐసు డబ్బాలో తెచ్చి ఉంటే బాగుండేది. వాటి కడుపులోని నీళ్లలో, మాయలో సమాధానం దొరికేది. నిన్ను అనడం లేదు తల్లీ, ఆ పొద్దు ఎవరైనా పూడుస్తారు. ఇది చదివే మిగతా వాళ్ల కోసం చెబుతున్నా.

ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి తీసుకురా. అక్కడ చూపించి, రక్తం, మైల స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) సరిగ్గా తీయించుకో. కుక్కలకు పీసీఆర్ చేసే ప్రైవేటు ల్యాబులు బెంగళూరులో ఉన్నాయి. పంపేటప్పుడు డబ్బా మీద "బ్రూసెల్లా అనుమానం" అని పెద్దగా రాయించు. ల్యాబుల్లో పనిచేసే వాళ్లకు ఎక్కువగా అంటుకునే క్రిముల్లో ఇదొకటి.

ఈసుకుపోయిన కుక్క మైలలో ఒక్క మిల్లీలీటరుకు వెయ్యి కోట్ల దాకా క్రిములు ఉండొచ్చు. గ్లవుజులు, మాస్కు వేసుకుని తుడిచిన గుడ్డలు కాల్చేయ్. గచ్చు ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు పోసి అరగంట వదిలేయ్. మురికి మీదే పోస్తే బ్లీచింగ్ పనిచేయదు. గోనెపట్టా కాల్చేయ్. వసారాకు ఎండ తగలనివ్వు. ఎండలో ఈ క్రిమి గంటల్లో చస్తుంది, తేమ నీడలో నెలలు బతుకుతుంది.

ఆ మగ కుక్కకు కూడా పరీక్ష చేయాలి. వాళ్లకు చెప్పావా?


శనక్కాయ చేను, జనవరి 31

సార్, మీకు చేతులెత్తి దండం. చెల్లెల్ని పొద్దున్నే తాడిపత్రిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో దించి వచ్చాను. డాక్టరమ్మకు అంతా చెప్పాం, రక్తం తీసుకున్నారు. మగ కుక్క వాళ్లకు ఫోన్ చేస్తే, "మా వాడు ఎనిమిది ఈతలకు తండ్రి, గుర్రంలా ఉన్నాడు, మీ కుక్కలోనే ఏదో ఉంది" అని పెట్టేశారు.


మందవెంట (కళ్యాణదుర్గం), జనవరి 31

అక్కా, డాక్టర్ సార్ చెప్పినదాంట్లో నాకో అనుమానం. సార్, తప్పైతే సరిదిద్దండి.

మాకు 140 గొర్రెలు, 30 మేకలు. మంద కట్టిన చోట గొర్రె ఈనితే మాయ అక్కడే పడుతుంది. ఈసుకుపోతే పిల్ల కూడా. కుక్కలు అదే కాచుకుని ఉంటాయి, మనం లేచేలోపు తినేస్తాయి. నవంబర్ అంటే మాకు ఈతల కాలం. మీ బంగారి నాలుగు రోజులు మంద దగ్గర తిరిగిందంటే మాయ తినకుండా ఉంటుందని నేను అనుకోను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా నాయనకు నాలుగేళ్ల కింద ఆరు నెలలు జ్వరం. సాయంత్రానికి వస్తుంది, తెల్లారేసరికి చెమటకు పంచె తడిసి తగ్గిపోతుంది. నడుము పట్టేసి మంచం దిగలేకపోయినాడు. టైఫాయిడ్ అని రెండు కోర్సులు వాడినాం. చివరికి ఒక డాక్టర్ "నీకు మేకలున్నాయా పెద్దాయనా" అని అడిగి బ్రూసెల్లా పరీక్ష రాసినాడు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు వాడితే లేచినాడు. అప్పటిదాకా గొర్రె అడ్డం తిరిగితే ఒట్టి చేయి పెట్టి పిల్లను లాగేవాడు. ఇప్పుడు మోచేతి దాకా గ్లవుజు లేకుండా ముట్టనివ్వను, మాయను కుక్కలకు వదలను. గుంత తీసి సున్నం వేసి పూడుస్తా.

మేకల క్రిమి కుక్కకు వస్తే ఆ గులాబీ మందులో కనిపిస్తుంది కదా సార్?


రిటైర్డ్ పశువైద్యుడు (ప్రొద్దుటూరు), జనవరి 31

నాయనా, నువ్వు అడిగింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ అమ్మ చివర్లో రాసిన మంద మాటను నేను పట్టించుకోకుండా దాటేశాను, పొరపాటు నాదే.

గొర్రెలకు, మేకలకు వచ్చే బ్రూసెల్లా మెలిటెన్సిస్, ఆవుల అబార్టస్ రెండూ కుక్కలకు సోకుతాయి, సరిగ్గా నువ్వు చెప్పిన దారిలోనే. ఆ రెండింటికీ ఒంటి మీద గొలుసులుంటాయి, గులాబీ మందు వాటిని చూపిస్తుంది. కాబట్టి 27న చేసిన పరీక్ష వృథా కాదమ్మా. మంద దగ్గర నుంచి వచ్చింది కాకపోవచ్చు అని అది కొంతవరకు చెబుతోంది. కానిస్ సంగతి మాత్రం చెప్పలేదు. మన రాయలసీమలో మంద, కుక్క ఒకే చోట బతుకుతాయి కాబట్టి కుక్క ఈసుకుపోతే రెండు రకాల పరీక్షలూ అడిగి చేయించుకోవాలి. చెల్లెలికి కూడా ఇదే లెక్క. మనుషులకు మామూలుగా చేసే బ్రూసెల్లా పరీక్ష గొర్రెల, ఆవుల రకాలను పట్టుకుంటుంది, కానిస్‌ను పట్టుకోదు. జ్వరం వస్తే రక్తం కల్చర్ కావాలని డాక్టరమ్మకు గుర్తు చెయ్యండి.

ఆవు దూడలకు టీకా ఉంది. 4 నుంచి 8 నెలల పెయ్యలకు 2019 నుంచి జాతీయ కార్యక్రమం కింద వేస్తున్నారు. కుక్కలకు లేదు.


కొండారెడ్డి బురుజు నీడ (కర్నూలు), ఫిబ్రవరి 2

చెల్లీ, మగ కుక్క వాళ్ల మాట చదివి ఉండబట్టలేక రాస్తున్నా. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను.

మా వాడు జర్మన్ షెపర్డ్. ఏడు ఈతలకు తండ్రి. నాలుగో ఏట వృషణాల తిత్తిని ఒకటే నాకడం మొదలుపెట్టాడు. చర్మం ఎర్రగా చిట్లిపోయింది. చర్మ రోగమని నాలుగు నెలలు పూత మందులు రాశాం. తిండి బాగా తినేవాడు, గేటు దూకేవాడు, జబ్బు అనే ఆలోచనే రాలేదు. తర్వాత ఒక వృషణం గట్టిపడి వాచింది, రెండోది చిక్కిపోయింది. మెట్లు ఎక్కేటప్పుడు మూలగడం మొదలైంది. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసల మధ్య ఎముక కొరికినట్టు ఉంది. అప్పుడు పరీక్ష చేయిస్తే స్లైడ్, దాని తర్వాతి పరీక్ష, పీసీఆర్, మూడూ పాజిటివ్.

ఆపరేషన్ చేయించి వృషణాలు తీయించాం. డాక్సీసైక్లిన్ నెలల తరబడి, మధ్యమధ్యలో సూదులు. ఈ క్రిమి కణాల లోపల దాక్కుంటుందట, మందు ఆపితే మళ్లీ లేస్తుంది. మాకు రెండు సార్లు లేచింది. పూర్తిగా పోయిందని ఏ డాక్టరూ రాసివ్వలేదు. ఇంట్లో చిన్న పిల్లలు లేరు, వేరే కుక్కలు లేవు, అందుకే ఉంచుకోగలిగాం. అతని మూత్రం నేనే కడుగుతాను, గ్లవుజులతో.

అన్నిటికన్నా కష్టమైంది ఫోన్లు. ఏడుగురికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు తిట్టారు. ఒకావిడ ఏడ్చింది, వాళ్ల కుక్క రెండు సార్లు ఈసుకుపోయిందట, ఎందుకో తెలియక మూడోసారి క్రాసింగ్‌కు సిద్ధం చేస్తున్నారట.

బాగున్న మగ కుక్క వీర్యంలో కూడా ఇది ఉంటుంది. సోకిన మొదటి రెండు నెలలు ఎక్కువగా, తర్వాత కొద్దికొద్దిగా రెండేళ్ల దాకా పడొచ్చు. నేను రాసింది వాళ్లకు చదివి వినిపించు. కావాలంటే నేనే మాట్లాడతాను.


శనక్కాయ చేను, ఫిబ్రవరి 16

ఫిబ్రవరి 6న బాడుగ ఆటోలో జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు తీసుకెళ్లాం. దారంతా బంగారి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. నేను గ్లవుజులతో దాని తల నిమురుతున్నా, అది మాటిమాటికీ ఆ గ్లవుజు వాసన చూసి నా మొహంలోకి చూసింది.

నిన్న బెంగళూరు నుంచి ఫలితం వచ్చింది. స్లైడ్ పాజిటివ్. ఆ ఒక్క మాట ఫోన్‌లో విని కూర్చుండిపోయాను. ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన "కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉంది, ఆ కుక్కకు సూది వేయించెయ్" అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన. పొద్దున పూర్తి కాగితం వచ్చింది. మెర్కాప్టోఎథనాల్ కలిపి చేసింది నెగటివ్. రక్తం పీసీఆర్ నెగటివ్. స్వాబ్ పీసీఆర్ నెగటివ్. గులాబీ పరీక్ష మళ్లీ నెగటివ్. మైల కల్చర్‌లో ఈ కోలి బాగా పెరిగింది. సార్, దీన్ని ఎలా చదవాలి?


రిటైర్డ్ పశువైద్యుడు (ప్రొద్దుటూరు), ఫిబ్రవరి 16

సూది మాట ఇంక ఎవరినీ ఎత్తనివ్వకు. మొదటి స్లైడ్ ఒక్కటి చూసి కుక్కను చంపడం అన్యాయం. నీ కాగితం ప్రకారం ఆ రవ్వ వేరే క్రిమి వల్ల కట్టి ఉండొచ్చు.

అలాగని ఇప్పుడే బయటపడ్డామని కూడా అనుకోకు. సోకాక యాంటీబాడీలు సరిగ్గా తేలడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. డిసెంబర్ 2 నుంచి లెక్కేస్తే, రక్తం తీసిన రోజుకు 9 వారాలు దాటింది, అంతే. పీసీఆర్ కూడా ఆ రోజు రక్తంలో క్రిమి తిరుగుతుంటేనే పట్టుకుంటుంది. ఈ కోలి విషయానికొస్తే, ఆ దారిలో మామూలుగానే క్రిములుంటాయి, స్వాబ్‌లో పెరిగినంత మాత్రాన పిల్లలు పోవడానికి అదే కారణమని తేల్చలేం. గర్భసంచికి స్కానింగ్ చేయించి, దానికి తగ్గ మందు కాలేజీ వాళ్లనే రాయమను. నెలకొకసారి చొప్పున ఇంకో రెండు సార్లు రక్తం ఇవ్వు. రెండూ నెగటివ్ అయితే నేను ఒప్పుకుంటా. అప్పటిదాకా బంగారి వేరుగానే ఉండాలి, చెల్లెలు దూరంగానే ఉండాలి.


శనక్కాయ చేను, మార్చి 12

రెండో రక్తం మార్చి 8న ఇచ్చాం. ఈసారి మామూలు స్లైడే నెగటివ్. గులాబీదీ నెగటివ్. మైల ఆగిపోయింది, దవడ కింద గడ్డలు తగ్గాయి, గర్భసంచి శుభ్రంగా ఉందని స్కానింగ్‌లో చెప్పారు. చెల్లెలికి తొమ్మిదో నెల, ఇంతవరకు జ్వరం లేదు, కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

కర్నూలు అక్క రాసింది మగ కుక్క వాళ్లకు పంపాను. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. మొన్న వాళ్లావిడ ఫోన్ చేసింది. జనవరిలో గుత్తి నుంచి తెచ్చిన ఇంకో ఆడ కుక్క చూలు కట్టలేదట. రక్తం ఎక్కడ ఇవ్వాలి, డబ్బా మీద ఏం రాయాలి అని అడిగింది. సార్ చెప్పినట్టే అంతా చెప్పాను, ఈ సోమవారం పోతున్నారు.

బంగారి మూడో రక్తం ఏప్రిల్ 7న. ఫలితం ఇక్కడే పెడతాను.